కార్డు మొరాయిస్తే కంగారుపడకండి

కెమెరా కిందపడి పగిలితే డబ్బు పోతుంది. దాని లోపలి కార్డు మొరాయిస్తే పోయేది డబ్బు కాదు. జీలకర్రా బెల్లం పెట్టిన క్షణం పోతుంది. పిల్లవాడు మొట్టమొదట బోర్లాపడిన రోజు పోతుంది. మళ్లీ కంటికి కనిపించని పెద్దల ముఖం పోతుంది. కొత్త కార్డు కొన్ని వందల రూపాయలకు ఏ బజారులోనైనా దొరుకుతుంది. ఆ ముఖం ఏ బజారులో దొరుకుతుంది చెప్పండి?

అందుకే కాబోలు, చెడిన కార్డు పట్టుకొని మా స్టూడియో మెట్లెక్కేవారు ఆస్పత్రి వరండాలో కూర్చున్నవారిలా కనిపిస్తారు. నేను స్టూడియో పెట్టి ముప్ఫయ్యేళ్లు దాటింది. చీకటిగదిలో ఎర్రదీపం కింద ఫోటోలు కడిగిన రోజులూ చూశాను, గోరంత బిళ్లలో వెయ్యి ఫోటోలు పెట్టి తెచ్చే రోజులూ చూస్తున్నాను. ఇన్నాళ్ల అనుభవంలో నాకు తేలిన మాట ఒక్కటే పాఠకులకు మనవి చేస్తాను. కార్డు చెడినంత మాత్రాన ఫోటోలు పోవు. అది చెడిందని తెలిసిన తరవాతి అయిదు నిమిషాల్లో మనం చేసే పనివల్ల పోయేవే ఎక్కువ.

ఆ అయిదు నిమిషాల్లో ఏం చెయ్యకూడదో, ఆ తరవాత ఏం చెయ్యాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంతకీ ఆ బిళ్లలో ఏముంది?

ఈ కార్డుల్లో వుండే జ్ఞాపకశక్తిని ‘ఫ్లాష్ మెమరీ’ అంటారు. దీన్ని కనిపెట్టినవారు తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసువోకా అనే జపాను ఇంజనీరు. 1984లో ఒక రకాన్నీ, 1987లో ‘నాండ్’ అనే మరో రకాన్నీ ఆయన లోకానికి వెల్లడించారు. ఈనాడు మన కార్డుల్లో వున్నది ఆ రెండో రకమే. ఒక్క దెబ్బతో చెరిపివెయ్యగల దీని గుణం కెమెరా ఫ్లాష్ మెరుపును గుర్తుకు తెచ్చిందట. అందుకని ఆయనతో పనిచేసే మరో ఉద్యోగి ఆ పేరు సూచించారని చెబుతారు. తరవాతి కాలంలో అది కెమెరాల్లోకే వచ్చి చేరడం తమాషా కాదూ!

మనం మామూలుగా వాడే ఎస్.డి. కార్డును 1999లో పానసోనిక్ వారు (అప్పట్లో మత్సుషిత), శాన్‌డిస్క్ వారు, తోషిబా వారు కలిసి ప్రకటించారు. పొడవు 32 మిల్లీమీటర్లు, వెడల్పు 24, మందం 2.1. అంటే తపాలాబిళ్ల అంత. లోపల కోటానుకోట్ల సూక్ష్మమైన గదులు. ఒక్కొక్క గదిలో కాసిని ఎలక్ట్రాన్లను బంధించి వుంచుతారు. గది చుట్టూ విద్యుత్తు సాగని పలచని గోడ. అంచేత కెమెరా కట్టేసినా, బ్యాటరీ తీసేసినా ఎలక్ట్రాన్లు బయటికి పోలేవు. ఫోటో నిలిచి వుంటుంది.

అయితే రాసిన ప్రతిసారీ, చెరిపిన ప్రతిసారీ ఆ గోడ రవ్వంత అరుగుతుంది. బాగా అరిగిన గోడలోంచి సరుకు మెల్లిగా కారిపోవడం మొదలవుతుంది. ఏళ్ల తరబడి బీరువాలో పడివున్న కార్డులకూ ఈ బాధ వుంది. కాబట్టి కార్డు అనేది రాతి శాసనం కాదు. పలకమీద రాత కంటే గట్టిది, శాసనం కంటే మెత్తనిది అనుకోండి.

గదులతోపాటు ప్రతి కార్డులోనూ ఒక గుమాస్తా వున్నాడు. అతన్ని ‘కంట్రోలరు’ అంటారు. ఏ సరుకు ఏ గదిలో పెట్టాలో, ఏ గది పాడైపోయిందో, ఒకే గది మాటిమాటికీ అరిగిపోకుండా పని ఎలా పంచాలో చూసుకొనేది అతనే. గుమాస్తా పడకేస్తే సరుకంతా లోపల వున్నా తలుపు తీసేవారుండరు.

పట్టిక చిరిగితే పుస్తకాలు పోవు

ఒక గ్రంథాలయాన్ని ఊహించుకోండి. బీరువాల నిండా పుస్తకాలు. ద్వారం దగ్గర మేజామీద పట్టిక. ఫలానా పుస్తకం ఫలానా బీరువాలో ఫలానా అరలో వున్నదని అందులో రాసి వుంటుంది. కార్డులోనూ సరిగ్గా ఇంతే. ఫోటోలు అరల్లో వుంటాయి, వాటి చిరునామాలు పట్టికలో వుంటాయి. కెమెరాగాని కంప్యూటరుగాని ముందు చూసేది పట్టికనే.

ఇప్పుడు ఆ పట్టికమీద ఎవరో సిరా ఒలకబోశారనుకోండి. గ్రంథాలయాధికారి, “ఇక్కడ పుస్తకాలేమీ లేవు, కొత్త పట్టిక రాసుకొని మళ్లీ మొదలుపెడదామా?” అని అడుగుతాడు. మీ కెమెరా “కార్డును ఫార్మాట్ చెయ్యండి” అని అడగడం ఇదే! బీరువాల్లో పుస్తకాలు చెక్కుచెదరకుండా వున్నాయి. అతనికి కనిపించడం లేదంతే.

ఫోటోను చెరపడం కూడా ఇలాంటిదే. మీరు ‘డిలీట్’ నొక్కితే కెమెరా పుస్తకాన్ని చింపదు. పట్టికలో దాని పేరు కొట్టేసి, ‘ఈ అర ఖాళీ’ అని రాసుకుంటుంది. మరో పుస్తకం వచ్చి ఆ అరలో కూర్చొనేవరకు పాతది అక్కడే వుంటుంది. మామూలు ఫార్మాట్ చేసినా చాలా కెమెరాల్లో జరిగేది పట్టికను తెల్లగా చెయ్యడమే. కాని కొన్ని కెమెరాల్లో అరలన్నిటినీ ఊడ్చివేసే ఫార్మాట్ కూడా వుంటుంది. అది జరిగితే ఇహ ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఈ ఒక్క సంగతి తెలిస్తే తక్కినదంతా తెలిసినట్టే. కనిపించనిది వేరు, లేనిది వేరు.

రెండు ఇళ్ల ముచ్చట

ఒక పెళ్లిలో తలంబ్రాలు కాగానే పెళ్లికొడుకు తమ్ముడు నాకు ఫోను చేశాడు. గొంతు వణుకుతోంది.

“మాస్టారూ! కెమెరా కార్డు ఫార్మాట్ చెయ్యమంటోంది. పొద్దుటినుంచి తీసినవన్నీ అందులోనే వున్నాయి. చెయ్యనా?”

“వద్దు నాయనా. కెమెరా కట్టెయ్యి. కట్టేశావా?”

“కట్టేశానండీ.”

“కార్డు బయటికి తియ్యి. ఒక కాగితంలో చుట్టి, పైన ‘ముట్టుకోవద్దు’ అని రాసి, మీ నాన్నగారి జేబులో పెట్టు. ఇంకో కార్డు వుందా?”

“మా వదినగారి అన్నయ్య దగ్గర వుందండీ.”

“అది వేసి తక్కిన పెళ్లి తీసుకో. ఇది రేపు చూద్దాం.”

మర్నాడు ఆ కార్డులోంచి పొద్దుటి ఫోటోలన్నీ లక్షణంగా బయటపడ్డాయి. ఆ కుర్రవాడు చేసిన ఘనకార్యమల్లా ఏమీ చెయ్యకుండా వుండడమే.

రెండోది ఒక గృహప్రవేశం. పాలు పొంగించిన ఫోటోలన్నీ ఎవరో పిల్లవాడు ఆటలో చెరిపేశాడు. ఆ సంగతి ఇంటివారికి వెంటనే తెలిసింది కూడా. “పోయినవి ఎలాగూ పోయాయి, భోజనాలైనా తీద్దాం” అని అదే కార్డుమీద సాయంత్రందాకా తీశారు. కొత్త ఫోటోలు ఒక్కొక్కటే వెళ్లి పాత అరల్లో కూర్చున్నాయి. వారం తరవాత ఆ కార్డు నా దగ్గరికి వచ్చింది. విస్తళ్లు, గారెలు, నవ్వులు అన్నీ వున్నాయి. పొంగిన పాలు మాత్రం దక్కలేదు. ఆ ఇల్లాలు కార్డును చేతిలో పట్టుకొని, “వెంటనే ఆపితే వచ్చేవా అండీ?” అని అడిగారు. వచ్చేవేనని చెప్పక తప్పలేదు.

రోగం కాని రోగాలు

కార్డు చెడిందని తెచ్చేవాటిలో అసలు చెడనివే బోలెడు వుంటాయి. డాక్టరు దగ్గరికి పరుగెత్తేముందు నుదురు తాకి చూసినట్టు, ముందుగా వీటిని చూసుకోండి.

ఒకటి, తాళం. ఎస్.డి. కార్డు పక్కన చిన్న మీట వుంటుంది. దాన్ని కిందికి జరిపితే కెమెరా “కార్డుకు తాళం పడింది” అంటుంది. కెమెరాలో దూర్చేటప్పుడు అది తనంతట తనే జరిగిపోతుంది కూడా. ఆ మీటకూ లోపలి గదులకూ ఏ సంబంధమూ లేదు. మీట ఎక్కడున్నదో కెమెరాయే తడిమి చూసుకుంటుంది. పైకి జరిపితే సరి. మీట విరిగి ఊడిపోతే తాళం పడినట్టే లెక్క. అప్పుడు కొత్త ఫోటోలు తీయలేకపోవచ్చుగాని, పాతవి కంప్యూటరులోకి భేషుగ్గా తీసుకోవచ్చు.

రెండు, సరిగా కూర్చోకపోవడం. చాలా చిన్న కెమెరాల్లో కార్డు కాకుండా కాస్త సొంత జ్ఞాపకం కూడా వుంటుంది. కార్డు సరిగా కూర్చోకపోతే కెమెరా మారుమాట్లాడకుండా ఫోటోలను అందులో దాచుకుంటుంది. ఇంటికి వచ్చి కార్డు చూస్తే ఖాళీ! ఇంటిల్లిపాదీ గగ్గోలు. కార్డు తీసేసి కెమెరాను ఒకసారి వెలిగించి చూడండి. ఫోటోలు అక్కడ కనిపిస్తే కథ సుఖాంతం.

మూడు, మురికి. కార్డు వెనక పచ్చగా మెరిసే పట్టీలుంటాయి, మామూలు ఎస్.డి. కార్డుకు తొమ్మిది. చెమటచేతి మరకపడితే కెమెరాకూ కార్డుకూ మాటలు సాగవు. పొడి మెత్తని నూలుగుడ్డతో మెల్లిగా తుడిచి చూడండి. నోటితో ఊదకండి, తడి చేరుతుంది. పెద్ద కెమెరాల్లో వాడిన పాత కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు సంగతి వేరు. ఆ కార్డుకు 50 రంధ్రాలు, కెమెరా లోపల 50 సూదులు. ఒక్క సూది వంగినా పని జరగదు. అది దూరకపోతే బలవంతం చెయ్యకండి. తిప్పి చూడండి.

నాలుగు, రీడరు. కార్డును కంప్యూటరుకు కలిపే ఆ చిన్న సాధనమే చెడివుండవచ్చు. కార్డుమీద నింద వేసేముందు ఇంకో రీడరులో, ఇంకో కంప్యూటరులో పెట్టి చూడండి. కార్డును కెమెరాలోనే వుంచి తీగతో కలిపినా చాలాసార్లు పని జరుగుతుంది.

అయిదు, పాత కెమెరాకు కొత్త కార్డు. ఈమధ్య కాలేజీ పిల్లలకు అలమరల్లోని పాత డిజిటల్ కెమెరాలమీద మోజు పుట్టింది. మా వీధిలో ఒకమ్మాయి తన తండ్రి 2005లో కొన్న కెమెరా బయటికి తీసి, 64 జీబీ కార్డు కొనివేసింది. కెమెరా ససేమిరా అంది. అమ్మాయి కొట్టువాడితో తగవు పెట్టుకోబోతుంటే ఆపి చెప్పాను. “తప్పు కొట్టువాడిది కాదమ్మా, కార్డుదీ కాదు. నీ కెమెరా పుట్టేనాటికి ఆ రకం కార్డు పుట్టనే లేదు!” పైకి అన్నీ ఒకే తీరుగా వుంటాయిగాని, మొదటి ఎస్.డి. కార్డులు 2 జీబీ వరకే. 2006లో వచ్చిన ‘హెచ్.సి.’ రకం 32 జీబీ వరకు. 2009లో వచ్చిన ‘ఎక్స్.సి.’ రకం ఆపైన 2 టీబీ వరకు. కొత్త కెమెరా పాత కార్డును పలకరిస్తుంది. పాత కెమెరా కొత్త కార్డును పలకరించదు. కార్డుమీద ఏ అక్షరాలున్నాయో, కెమెరామీద ఏ అక్షరాలున్నాయో చూసి కొనుక్కోవాలి.

ఆరు, వేగం. వీడియో తీస్తూవుండగా కెమెరా తనంతట తనే ఆగిపోతే, చాలాసార్లు అది కార్డు నిదానం. కార్డుమీద ఒక గుండ్రం గీతలో 4 అనో 10 అనో అంకె వుంటుంది. సెకండుకు కనీసం అన్ని మెగాబైట్లు రాయగలదని దాని అర్థం. ‘వి30’ అని వుంటే 30. మంచి వీడియోకు పెద్ద అంకె కావాలి. ఇహ పెద్ద వీడియో ముక్కలు ముక్కలుగా వచ్చిందని కంగారుపడేవారున్నారు. 32 జీబీ వరకు కార్డుల్లో వాడే పట్టికలో ఒక్కొక్క దస్త్రం 4 జీబీలు దాటడానికి వీల్లేదు. అందుకని కెమెరాయే ముక్కలు చేస్తుంది. అది జబ్బు కాదు, పద్ధతి.

ఏడు, పేరు మార్చడం. కంప్యూటరులో పెట్టి ఫోటోకు “అమ్మ షష్టిపూర్తి” అని ముచ్చటగా పేరు పెడతారు. తరవాత అదే కార్డును కెమెరాలో వేస్తే ఆ ఫోటో కనిపించదు. కెమెరాకు తను పెట్టిన పేర్లే తెలుసు. ఫోటో భద్రంగానే వుంది.

నిజంగా జబ్బు చేస్తే

పైవేవీ కాకపోతే అప్పుడు జబ్బు నిజమే అనుకోవాలి. అప్పుడు చెయ్యవలసిన పనులు ఒక వరస ప్రకారం చెయ్యాలి. వరస తప్పితే ప్రమాదం.

మొదట, కెమెరా కట్టేసి కార్డు తీయండి. ఆ కార్డుమీద ఇంకొక్క ఫోటో తీయవద్దు. కెమెరా అడిగినా కంప్యూటరు అడిగినా ఫార్మాట్‌కు ‘వద్దు’ అనే చెప్పండి. కంప్యూటరు “తప్పులు సరిచెయ్యమంటారా?” అని మర్యాదగా అడుగుతుంది. అప్పుడే దానికీ ఒప్పుకోవద్దు. ఆ సరిచెయ్యడం కార్డుమీద రాయడమే. రాసేదేదైనా అరలను తొక్కివెయ్యవచ్చు.

రెండోది, మీట కిందికి జరిపి కార్డుకు తాళం వెయ్యండి. ఇంతకుముందు అడ్డమనిపించిన తాళమే ఇప్పుడు కాపలా.

మూడోది, కార్డు మొత్తాన్ని ఉన్నదున్నట్టుగా కంప్యూటరులోకి నకలు తీయాలి. పట్టికను నమ్మకుండా మొదటి గదినుంచి ఆఖరి గదిదాకా వరసగా ఎత్తుకోవడమన్నమాట. దీనికి ‘డీడీరెస్క్యూ’ వంటి ఉచిత ప్రోగ్రాములున్నాయి. చదవలేని చోటు వస్తే అక్కడే తల బాదుకోకుండా ముందుకు పోయి, మంచివన్నీ తీసుకొని, తరవాత వెనక్కి వస్తుంది. చావుబతుకుల్లో వున్న కార్డును పదిసార్లు చదివించకూడదు. ఒక్కసారి నకలు తీస్తే, ఆపైన ప్రయోగాలన్నీ నకలుమీదే చేసుకోవచ్చు.

నాలుగోది, ఆ నకలులోంచి ఫోటోలు వెతకడం. క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఆయన రాసిన ‘ఫోటోరెక్’ అనే ప్రోగ్రాము ఈ పని ఉచితంగా చేస్తుంది. దాని ఉపాయం చిత్రమైనది. అది పట్టికను చూడనే చూడదు. ప్రతి జేపెగ్ ఫోటోకు మొదట్లో ఒకే రకమైన గుర్తు వుంటుంది. బీరువాలన్నీ తిరిగి, ఆ గుర్తు ఎక్కడ కనిపిస్తే అక్కడినుంచి ఒక ఫోటో అని తీసుకుంటుంది. అందుకే పట్టిక పూర్తిగా మాసిపోయినా అది పనిచేస్తుంది. ఫోటోల పాత పేర్లు మాత్రం రావు. దొరికినవాటిని కంప్యూటరులో దాచుకోవాలిగాని, చచ్చినా అదే కార్డుమీద దాచకూడదు.

ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ఈ నాలుగు పనులూ వారే చేయగలరు. అయితే కార్డు విరిగినా, ఎక్కడ పెట్టినా ఉలుకూ పలుకూ లేకపోయినా గుమాస్తా పడకేశాడని అర్థం. ప్రోగ్రాములవల్ల కాదు. పరికరాలున్న ప్రయోగశాలకు పంపాలి. వేల రూపాయల ఖర్చు. దక్కుతాయన్న హామీ లేదు. ఫోటోలు రాకపోతే ఎంత తీసుకుంటారో ముందే అడిగి కాగితంమీద రాయించుకోండి. ఇంట్లో ఆడపిల్లల ఫోటోలున్న కార్డును ముక్కూమొహం తెలియని కొట్టులో వదిలిపెట్టకండి.

కొవ్వూరు రేవులో ఒక నవ్వు

2015 గోదావరి పుష్కరాలకు కొవ్వూరు వెళ్లివచ్చిన ఒక కుటుంబం వుంది. ఆనాటి కార్డు తీసి బీరువాలో పెట్టారు, అంతే. “తీరిగ్గా చూద్దాం” అనుకున్నారు. ఏళ్లు గడిచాయి. ఇంటి పెద్దావిడ పోయారు. పెద్దకర్మనాటికి పటం కట్టించాలని వెతికితే, ఆవిడ ఒక్కరే నిండుగా కనిపించే ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. ప్రతి ఫోటోలోనూ ఎవరి వెనకాలో, ఎవరి పిల్లనో ఎత్తుకొని పక్కకు తిరిగి వున్నారు. అప్పుడు గుర్తుకొచ్చింది, పుష్కరాల కార్డు.

కొడుకు దాన్ని తీసుకొచ్చాడు. కంప్యూటరు ఫార్మాట్ చెయ్యమంటోందనీ, తను వద్దన్నాననీ చెప్పాడు. సగం బతికాం అనుకున్నాను. రెండు రీడర్లలో అది పలకలేదు. మూడోదానిలో పలికింది. నకలు తీయడానికి రాత్రంతా పట్టింది. నాలుగడుగులు వేయడం, ఆగడం, మళ్లీ వేయడం. అతను మా కొట్టు బల్లమీదే కూర్చొని తెల్లవార్లూ ఆ గీత కదలడం చూస్తూ వున్నాడు. టీ తెప్పిస్తే చల్లారిపోయింది.

పొద్దున్నే ఒక్కొక్క ఫోటో బయటపడసాగింది. కొన్ని నిండుగా, కొన్ని చారలు చారలుగా, కొన్ని బొత్తిగా బూడిదరంగు పలకలుగా. చాలాసేపటికి ఆవిడ వచ్చారు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, చేతిలో దొన్నెదీపం పట్టుకొని, తీసేవాడివైపు చూసి నవ్వుతున్నారని అతను చెప్పబట్టి తెలిసింది. ఎందుకంటే భుజాల కింద ఫోటో లేదు. అంతా బూడిదరంగే. జేపెగ్ ఫోటో పైనుంచి కిందికి చదవబడుతుంది. మధ్యలో ఒక అర చెడితే అక్కడినుంచి కింద భాగమంతా పోతుంది. గోదావరి రాలేదు, దీపం రాలేదు. ముఖం వచ్చింది. నవ్వు వచ్చింది.

పై సగాన్నే పటం కట్టించాం. అతను పటాన్ని తువ్వాలులో చుట్టుకొని వెళ్తూ, “అమ్మ ఫోటో తీయించుకోనంటూ ఎప్పుడూ పక్కకు తిరిగేదండీ. ఆ రోజే ఎందుకో నిలబడింది” అన్నాడు.

దొంగ సరుకు

జబ్బులకంటే పెద్ద బాధ నకిలీ కార్డులు. పైన 128 జీబీ అని అచ్చు వుంటుంది. లోపలి గుమాస్తాకు అబద్ధం నేర్పి వుంటారు. కంప్యూటరు అడిగినా 128 అనే చెబుతాడు. నిజానికి వున్నది ఏ ఎనిమిదో. ఎనిమిది నిండేవరకు అంతా బాగుంటుంది. ఆ తరవాత తీసిన ఫోటోలు ఎక్కడికీ పోవు, లేదా పాతవాటిని తొక్కుకుంటూ కూర్చుంటాయి. పట్టికలో పేర్లు మాత్రం వరసగా కనిపిస్తాయి. ఇలా పోయినవాటిని ఎవరూ తేలేరు. అవి అసలు రాయబడనే లేదు.

దీనికి విరుగుడు వుంది. కొత్త కార్డు కొనగానే దాన్ని మొదటినుంచి చివరిదాకా నింపి, రాసింది రాసినట్టు తిరిగివచ్చిందో లేదో చూసే ‘హెచ్2టెస్ట్‌డబ్ల్యూ’, ‘ఎఫ్3’ అనే ఉచిత ప్రోగ్రాములున్నాయి. పెద్ద కార్డుకు గంటలు పడుతుంది. పట్టనీయండి. పెళ్లికి ముందు పట్టుచీరను దీపం దగ్గర విప్పి చూసుకోమా? ఇదీ అంతే. ధర మరీ చవకగా కనిపిస్తే ముందే అనుమానించండి.

నాలుగు మంచి అలవాట్లు

కెమెరామీద ఎర్రదీపం మిణుకుమిణుకుమంటున్నప్పుడు కార్డుగాని బ్యాటరీగాని తీయవద్దు. గుమాస్తా పట్టిక రాస్తున్న సమయమది. చేతిలోని కలం లాక్కున్నట్టవుతుంది. బ్యాటరీ ఆఖరి గీతకు వచ్చినప్పుడు కూడా లాగి లాగి తీయకండి.

కార్డును ఫార్మాట్ చేయవలసి వస్తే, ఫోటోలు రెండు చోట్ల దాచుకొన్న తరవాత, ఏ కెమెరాలో వాడతారో ఆ కెమెరాలోనే చెయ్యండి.

శుభకార్యానికి ఒకే పెద్ద కార్డుకు బదులు రెండు మూడు చిన్న కార్డులు వాడండి. ఉట్టి తెగినా అన్ని కుండలూ పగలవు.

ఒక్కసారి బాధపెట్టిన కార్డును ఫోటోలు తీసుకున్నాక మళ్లీ నమ్మకండి. మరమ్మతు చేసి వాడుకుందామనే పొదుపు ఇక్కడ పనికిరాదు. దాన్ని పక్కన పెట్టి కొత్తది కొనండి.

అన్నిటికంటే ముఖ్యం, కార్డు అనేది బీరువా కాదు. ఊరినుంచి ఫోటోలను ఇంటిదాకా మోసుకొచ్చే సంచీ. సంచీని సరుకుతోనే అటకమీద పెట్టేవారెవరు? వచ్చిన రోజునే దులిపి కంప్యూటరులో ఒకచోట, వేరే డిస్కులో మరొకచోట పెట్టుకోవాలి. ఒక్కచోట మాత్రమే వున్న ఫోటో వున్నట్టు లెక్క కాదు.

ఇంకొక్క మాట. ఇంట్లో శుభకార్యం జరిగిన వారంలోగా మంచి ఫోటోలు ఓ పదింటిని కాగితంమీద వేయించండి. అందులో ఒకటి, ఇంటి పెద్దలను ఎదురుగా నిలబెట్టి తీసినదై వుండాలి. స్టూడియోవాడు బేరంకోసం చెబుతున్నాడని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకుంటే నవ్వుకోండిగాని, వేయించండి. కాగితాన్ని చూడడానికి రీడరు అక్కర్లేదు, కళ్లజోడుంటే చాలు.